కోర్సు అయిపోయినా వదలని నొప్పి

(సీనియర్ సిటిజన్ల నెలవారీ సమావేశంలో, పదవీ విరమణ చేసిన ఒక ఫార్మకాలజీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువైతే చెప్పండి, ఒకటి ఆపేద్దాం.

ముందు మీకో ప్రశ్న. ఇంట్లో మందుల డబ్బాలో ఓఫ్లాక్సాసిన్ ఉన్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. ఎవరూ లేరా? సరే, ఇంకోలా అడుగుతాను. విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే బిళ్ల, నాలుగు మిగిలితే మళ్లీ పనికొస్తాయని దాచుకునే బిళ్ల, అది ఎవరింట్లో ఉంది? ఆఁ, ఇప్పుడు లేస్తున్నాయి చేతులు. సగం హాలు లేచింది. అమ్మా, చాలావరకు ఆ బిళ్లే ఓఫ్లాక్సాసిన్. ఆర్నిడజోల్ అనే ఇంకో మందుతో కలిపి అమ్ముతారు. వేసుకుంటాం, తగ్గిపోతుంది, మర్చిపోతాం. పేరు మాత్రం మనకి తెలీదు. ఇవాళ నేను ఏం చెప్పినా తిరిగి తిరిగి ఆ తెలియని పేరు దగ్గరికే వస్తాను, విసుక్కోకండి.

యాంటీబయాటిక్ వాడాక మిగిలిపోయే బాధలతో ఎలా నెట్టుకురావాలో చెప్పమన్నారు కార్యదర్శి గారు. ఎందుకు అడిగారో కూడా చెప్పారు, మన సభ్యుల్లోనే ఒకరిద్దరికి కాళ్లలో ఆ ఇబ్బంది ఉందట. వాళ్లెవరో నేను అడగలేదు. మీరూ ఇప్పుడు పక్కవాళ్ల కాళ్ల వంక చూడకండి.

కడుపులో తిప్పడం, నోరు చేదవడం, రెండు మూడు విరేచనాలు, ఇవన్నీ యాంటీబయాటిక్‌తో మామూలే. మందు ఆపితే పోతాయి. పోనివి కూడా కొన్ని ఉన్నాయి, అవి కొత్తవేం కావు. టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు పొడిచిన రోజుల్లో వినికిడి పోయినవాళ్లని, నడుస్తూ తూలిపోయేవాళ్లని మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. లోపలి చెవిలో వినికిడి కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. జెంటామైసిన్, అమికాసిన్ కూడా ఆ కుటుంబమే. ఇంకోటి చెప్పనా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలు నడిపించిన కాలంలోనే ఆరియోమైసిన్ కనిపెట్టారు, 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్లలో అదే మొదటిది. ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో. ఆ టెట్రాసైక్లిన్లే, పళ్లు తయారయ్యే వయసులో పిల్లలకి ఇస్తే, పళ్లకి పసుపు రంగో గోధుమ రంగో పట్టి జీవితాంతం ఉండిపోతుందని తర్వాత తేలింది. అందుకని మందు చెడ్డదయిందా? కాలేదు. ఎవరికి ఇవ్వకూడదో తెలిసింది, అంతే.

నేను ఇవాళ మాట్లాడేది ఒక్క కుటుంబం గురించే. ఫ్లోరోక్వినలోన్లు అంటారు. పేరు నోరు తిరక్కపోతే వదిలేయండి, చివర ‘ఫ్లాక్సాసిన్’ అని ఉంటే ఆ కుటుంబమే. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్. అట్ట మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, దాని కింద చిన్నక్షరాల్లో ఉండేదే అసలు పేరు. కళ్లద్దాలు పెట్టుకుని ఆ చిన్నక్షరాలు చదవాలి. ఎవరో రాసుకుంటున్నారు అక్కడ, మంచిది, రాసుకోండి.

వీటి పుట్టుక చిత్రంగా ఉంటుంది. మలేరియాకి క్లోరోక్విన్ తయారు చేస్తుంటే పక్కన తేలిన ఒక పదార్థం నుంచి 1962లో నాలిడిక్సిక్ యాసిడ్ వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి వాడేవాళ్లు. దానికి ఫ్లోరిన్ తగిలించి, ఇంకా మార్పులు చేసి, కొత్త తరం తయారు చేశారు. సిప్రోఫ్లాక్సాసిన్‌కి అమెరికాలో 1987లో అనుమతి వచ్చింది. అప్పట్లో మాకు అదొక పండగ. అప్పటిదాకా ఇంజెక్షన్‌తో, ఆస్పత్రిలో పడుకోబెట్టి చేసే వైద్యం బిళ్లతో ఇంటి దగ్గరే అయిపోతోంది. టైఫాయిడ్‌కి, మూత్రనాళం ఇన్ఫెక్షన్లకి ఎంత బాగా పనిచేసిందో! బ్యాక్టీరియా తన డీఎన్ఏని విప్పుకోవడానికి, చుట్టుకోవడానికి వాడే ఎంజైములని ఇది పట్టేస్తుంది. అంత మంచి మందు దొరికితే మనవాళ్లు ఊరుకుంటారా? జలుబుకి కూడా రాశారు. వైరస్‌తో వచ్చే జలుబుకి ఇది చేసేదేమీ లేదు, అయినా రాశారు.

మరి ఇబ్బంది ఎప్పుడు బయటపడింది? ముక్కలు ముక్కలుగా బయటపడింది, దానికి ఏళ్లు పట్టింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో, ఈ మందుల వల్ల కండరాన్ని ఎముకకి కట్టిపెట్టే టెండన్లు వాస్తాయని, తెగిపోతాయని, మందు కాగితం మీద నల్ల గీతల పెట్టె గీసి మరీ హెచ్చరిక వేయించింది. 2013లో నరాలు దెబ్బతింటాయని, ఆ దెబ్బ శాశ్వతం కావచ్చని చేర్చింది. 2015 నవంబర్‌లో నిపుణుల కమిటీ కూర్చుంటే బాధితులు వచ్చి ఒక్కొక్కరూ తమ బాధ చెప్పుకున్నారు. తర్వాతి ఏడాది, 2016లో, ఎఫ్‌డీఏ గట్టి మాట చెప్పింది: మామూలు సైనసైటిస్, బ్రాంకైటిస్, మామూలు మూత్ర ఇన్ఫెక్షన్, వీటికి వేరే మందు ఉన్నప్పుడు ఇది వాడొద్దు, మేలుకంటే చేటే ఎక్కువ అని. 2018లో షుగర్ బాగా పడిపోవడం గురించి, మనసు మీద పడే ప్రభావం గురించి, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం చీలడం గురించి కూడా చెప్పింది. యూరప్‌లోనూ 2018 జూన్‌లో బహిరంగ విచారణ పెట్టి బాధితుల మాట విన్నారు, 2019లో ఆంక్షలు వచ్చాయి. మొట్టమొదటిదని చెప్పానే, ఆ నాలిడిక్సిక్ యాసిడ్, అక్కడ దాన్ని పూర్తిగా ఆపేశారు. బ్రిటన్ 2024 జనవరిలో, వేరే యాంటీబయాటిక్ ఏదీ తగనప్పుడే ఇవి రాయాలని చెప్పింది.

ఇన్ని తేదీలు ఎందుకు చదివానో తెలుసా? 1987లో వచ్చిన మందు. టెండన్లవీ, నరాలవీ అన్నీ కలిపి, శాశ్వతంగా ఉండిపోయే బాధలు ఉన్నాయని ఒప్పుకున్నది 2016లో. ఈ మధ్యలో మడమ నొప్పి, అరికాళ్ల మంటలు అని వెళ్లినవాళ్లకి ఏం చెప్పి ఉంటారు? ‘నీ మనసులో ఉంది’ అని చెప్పి ఉంటారు. ‘వయసు’ అని చెప్పి ఉంటారు. ఇప్పటికీ చెబుతున్నారు. నొప్పి ఒక ఎత్తు, నమ్మేవాళ్లు లేకపోవడం ఇంకో ఎత్తు. రెండోదే మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది, నేను చూశాను.

నేను పాఠాలు చెప్పిన కాలేజీలో మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే విభాగం ఉండేది. అక్కడికి ఒకావిడ వచ్చారు. పేరూ ఊరూ వద్దు. జాకెట్లు కుడతారు, కాలితో తొక్కే మిషను. దగ్గు వదలకపోతే దగ్గర్లో ఎవరో మందులు ఇచ్చారు: ఒక పెద్ద బిళ్ల రోజుకొకటి, చిన్న తెల్ల బిళ్లలు పూటకి రెండు. మూడు నాలుగు రోజులకి దగ్గు తగ్గింది. మడమ వెనకాల, చెప్పు పట్టీ ఒరుసుకునే చోట నొప్పి మొదలైంది. మిషను తొక్కడం వల్లే అనుకున్నారు ఆవిడ. ఎవరైనా అలాగే అనుకుంటారు. నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించారు. నొప్పి రెండో కాలికీ వచ్చింది. ఆ తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, రాత్రిపూట మంటలు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత. ఎముకల డాక్టర్ ఎక్స్‌రే బాగుందన్నారు. ఇంకొకరు నరాల బలహీనత అని బీ విటమిన్ ఇంజెక్షన్లు రాశారు. ఇంట్లోవాళ్లు, పని తప్పించుకోవడానికి చెబుతోందన్నారు. మా దగ్గరికి వచ్చేసరికి నెలలు గడిచిపోయాయి.

ఆవిడ దగ్గర ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. వాడిన మందుల అట్టలన్నీ అందులో దాచిపెట్టారు. ఎంత మంచి అలవాటో చూడండి. కానీ మాకు కావలసిన అట్ట, షాపులో కత్తెరతో సగానికి కోసి ఇచ్చింది. పేరున్న సగం షాపులో ఉండిపోయింది. ఆవిడ చేతిలో ఉన్న ముక్క మీద ‘...సిన్ 500’ అని మాత్రమే ఉంది. సిన్ అంటే ఏం సిన్? అజిత్రోమైసిన్ కూడా సిన్, అదీ 500 ఉంటుంది. లీవోఫ్లాక్సాసిన్ కూడా సిన్, అదీ 500 ఉంటుంది. ఒకటి ఆవిడ బాధకి కారణం కావచ్చు, ఇంకోటి అయ్యే అవకాశం తక్కువ. ఎలా తేల్చాలి?

రిజిస్టర్‌తో తేలింది. 2014 మార్చి నుంచి మన దేశంలో హెచ్‌వన్ అని ఒక జాబితా ఉంది. అందులో ఉన్న మందు అమ్మితే ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చారు, ఎన్ని ఇచ్చారు అని షాపువాళ్లు పుస్తకంలో రాసి మూడేళ్లు ఉంచాలి. లీవోఫ్లాక్సాసిన్ ఆ జాబితాలో ఉంది. అన్ని షాపుల్లో రాస్తారా అని నన్ను అడక్కండి, నవ్వుతున్నారు, మీకే తెలుసు. ఆ షాపాయన రాశాడు. మహానుభావుడు. ఆవిడ కొడుకు వెళ్లి అడిగితే తీసి చూపించాడు: లీవోఫ్లాక్సాసిన్, దాంతోపాటు ప్రెడ్నిసొలోన్. ఆ చిన్న తెల్ల బిళ్లలు స్టెరాయిడ్. ఈ రెండూ కలిస్తే టెండన్‌కి ముప్పు పెరుగుతుందని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. అరవై దాటినవాళ్లకి, కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లకి, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్లకి, స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకి ముప్పు ఎక్కువ. ఈ హాల్లో అరవై దాటనివాళ్లు ఎవరైనా ఉన్నారా? టీ తెచ్చిన అబ్బాయి ఒక్కడేనా?

భయపెడుతున్నానా? కొంచెం ఆగండి. ఈ మందులు వేసుకున్నవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. మీలో చేతులెత్తినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఇక్కడికి నడిచి రాలేనివాళ్లెవరు? శాశ్వతంగా మిగిలే బాధలు అరుదు. అరుదైనా, వచ్చినవాళ్లకి వచ్చినట్టే కదా. పైగా మందుకి లొంగని టీబీకి లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ లేకుండా గడవదు. అలాంటి చోట డాక్టర్ ఇస్తే వేసుకోవాలి, ఏ ఇబ్బంది వచ్చినా వెంటనే చెప్పాలి. నా పేచీ జలుబుతో, ఒక పూట విరేచనాలతో.

ఇప్పుడు అసలు విషయం. వచ్చేసింది, మిగిలిపోయింది, ఏం చేయాలి?

కోర్సు మధ్యలోనే టెండన్ నొప్పి, వాపు, అరికాళ్లలో మంట, తిమ్మిరి, ఉన్నట్టుండి తికమక, విపరీతమైన టెన్షన్, నిద్ర పూర్తిగా పట్టకపోవడం, ఇలాంటివి మొదలైతే తర్వాతి బిళ్ల వేసుకోకుండా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. వేరే యాంటీబయాటిక్‌కి మారుస్తారు. ‘కోర్సు మధ్యలో ఆపకూడదు’ అనే మాట ఇక్కడ పట్టుకుని కూర్చోకండి. మొదటి రెండు రోజుల్లోనే రావచ్చు, మందు అయిపోయిన కొన్ని నెలలకీ రావచ్చు. ఛాతీలో గానీ వీపులో గానీ కడుపులో గానీ ఒక్కసారిగా చీల్చినట్టు నొప్పి వస్తే ఎవరికీ ఫోన్ చేయొద్దు, 108కే. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు, చెమటలు పట్టి వణుకు వస్తే ముందు షుగర్ చూసుకోండి. ఈ మందులు షుగర్‌ని కిందికి లాగేస్తాయి.

నెలలు దాటినా బాధ ఉంటే మొట్టమొదట చేయాల్సింది, అది నిజంగా దీనివల్లేనా అని తేల్చుకోవడం. ప్రతి తిమ్మిరీ యాంటీబయాటిక్ వల్ల రాదు. షుగర్ ఉందా? బీ12 ఎంత ఉంది? ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకుంటే బీ12 తగ్గుతుంది, శాకాహారులకి ఇంకా తగ్గుతుంది, తగ్గితే కాళ్లు ఇలాగే మండుతాయి. థైరాయిడ్ చూపించుకోండి. కొలెస్ట్రాల్ బిళ్ల వేసుకునేవాళ్లకి కండరాల నొప్పులు దానివల్లా రావచ్చు. అమీబియాసిస్‌కి మెట్రోనిడజోల్, టీబీకి లినెజోలిడ్ ఎక్కువకాలం వాడినా నరాలు దెబ్బతింటాయి. ఎందుకింత వెతకడం? ఎందుకంటే వీటిలో కొన్నింటికి వైద్యం ఉంది. బీ12 లోపం సరిచేస్తే సగం బాధ పోయేదాన్ని, యాంటీబయాటిక్ మీద తోసేసి కూర్చుంటే నష్టం మనకే.

అన్నీ చూశాక ఇదే కారణం అనిపిస్తే? దీనికి విరుగుడు లేదు. ఉన్నమాట చెప్పేస్తున్నాను. ఈ దెబ్బని వెనక్కి తిప్పే మందు ఇప్పటిదాకా లేదు. ఇది వినడానికి చేదుగా ఉన్నా వినాలి, ఎందుకంటే ఉందని చెప్పేవాళ్లు బోలెడుమంది. శరీరంలో విషం కడిగేస్తామని గ్లూటాథయోన్ సెలైన్లు, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు, కట్టలు కట్టలు విటమిన్లు. ఆ విటమిన్లలో బీ6 ఉందనుకోండి, మోతాదు మించి నెలల తరబడి వేసుకుంటే అదే నరాలని పాడుచేస్తుంది. తెలుసా మీకు? తిమ్మిర్లకి వేసుకున్న బిళ్లే తిమ్మిర్లు తెస్తుంది. డబ్బు పోయినా సరే అనుకోవచ్చు, కాళ్లు పోతే?

విరుగుడు లేదంటే చేసేదేమీ లేదని కాదు. చాలామందికి నెమ్మదిగా, నెలల మీద, కొంత తగ్గుతుంది. అందరికీ పూర్తిగా తగ్గదు. టెండన్ సంగతి చూద్దాం. నొప్పి కొత్తగా ఉన్నప్పుడు విశ్రాంతి ఇవ్వాలి, మెట్లు, పరుగులు, బరువులు ఆపాలి. గట్టి మర్దన వద్దు. నొప్పి ఉన్నచోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ పొడిపించుకోవద్దు, అసలే బలహీనమైన టెండన్ తెగవచ్చు. మడమ కొంచెం ఎత్తుగా ఉన్న మెత్తటి చెప్పులు వేసుకోండి, ఇంట్లో కూడా. అలాగని మంచం పట్టొద్దు. వాడని కండరం కరిగిపోతుంది, అప్పుడు టెండన్ మీద ఇంకా బరువు పడుతుంది. ఫిజియోథెరపిస్ట్ దగ్గర మొదలుపెట్టి, గోడ పట్టుకుని మడమలు కొద్దిగా లేపి దించడం లాంటివి, ముందు రెండు కాళ్లతో, కొన్ని వారాల తర్వాత కొంచెం ఎక్కువ. మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందా? నిన్న ఎక్కువ చేశారన్నమాట, తగ్గించండి. పెరగలేదా? అదే మోతాదు ఇంకో వారం. బాగున్న రోజున మనవాళ్లు చేసే పని ఒకటుంది: వారం రోజుల పనంతా ఆ ఒక్కరోజే చేసేస్తారు. బట్టలు ఉతికేస్తారు, బూజులు దులిపేస్తారు, గుడికీ వెళ్లొస్తారు. తర్వాత నాలుగు రోజులు మంచం. బాగున్న రోజున కూడా కొంచెమే చేయాలి. దీన్ని ఒప్పించడం ఎంత కష్టమో, ముఖ్యంగా ఆడవాళ్లని!

నరాల మంటలకి పారాసెటమాల్ పెద్దగా పనిచేయదు. ప్రిగాబాలిన్, గాబాపెంటిన్, డ్యూలోక్సెటిన్, అమిట్రిప్టిలిన్, ఇలాంటివి డాక్టర్ చూసి ఇస్తారు. చిన్న మోతాదుతో రాత్రిపూట మొదలుపెడతారు. మత్తుగా, తూలినట్టుగా ఉంటుంది, మన వయసులో బాత్రూంలో పడిపోవడం ఇంకో గండం, కాబట్టి రాత్రి లేచేటప్పుడు లైటు వేసుకుని లేవండి. తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయకండి, డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించాలి. కాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లు వేడినీళ్ల కాపడం పెట్టుకోవద్దు, కాలిందని కూడా తెలీదు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి చూసుకోండి, లేదా ఇంట్లోవాళ్లని చూడమనండి.

ఇంట్లోవాళ్లకి కూడా ఒక మాట. భయం, దిగులు, నిద్ర పట్టకపోవడం, ఇవి ఈ మందుల వల్లా వస్తాయి, ఆ నొప్పితో బతకడం వల్లా వస్తాయి. ఏది ముందో తేల్చే పని మీకొద్దు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్దామంటే ‘అంటే నాదంతా నటనేనా’ అని వాళ్లు బాధపడతారు. కాదని చెప్పండి. నొప్పి నిజం, దిగులూ నిజం, రెండింటికీ వైద్యం చేయించుకోవచ్చు. బతకాలని లేదనే మాట ఎవరి నోటైనా వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ఆ రోజే తీసుకెళ్లండి.

ఆ టైలరింగ్ ఆవిడ ఏమయ్యారని అడుగుతున్నారు ముందు వరసలో. చెప్తాను. మందు పేరు తెలిసిన రోజున ఆవిడకి నొప్పి ఏమీ తగ్గలేదు. కానీ కొడుకు తల వంచుకున్నాడు. నాటకాలు అన్న మనిషి, వెళ్లి మిషనుకి మోటారు పెట్టించాడు. తొక్కడం తప్పింది. ఫిజియోథెరపీ, రాత్రిపూట ఒక బిళ్ల. ఏడాది తిరిగేసరికి పెళ్లిళ్ల సీజన్‌లో మళ్లీ జాకెట్లు కుట్టారు. అరికాళ్ల మంట కొంత ఉండిపోయింది. చలికాలంలో ఎక్కువవుతుందని చెప్పేవారు.

ఇక్కడే అన్నిటికంటే ముఖ్యమైనది. ఒకసారి ఈ బాధ వచ్చినవాళ్లు ఈ కుటుంబంలో ఏ మందూ మళ్లీ వేసుకోకూడదు. సిప్రో పడలేదు కాబట్టి ఓఫ్లాక్సాసిన్ వేసుకుంటాను అంటే కుదరదు. ఒక చిన్న కార్డు రాసుకోండి, పర్సులో ఆధార్ కార్డు వెనకాల పెట్టుకోండి. మందు అసలు పేరు, ఏ నెలలో వాడారు, ఎన్నో రోజుకి ఏం మొదలైంది, అప్పుడు ఇంకేం మందులు వాడుతున్నారు, ‘ఫ్లాక్సాసిన్ మందులు ఇవ్వవద్దు’ అని ఒక ముక్క. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరైనా సరే, నోరు తెరిచే ముందు కార్డు చూపించండి. కంటి చుక్కల్లో, చెవి చుక్కల్లో కూడా ఇవి ఉంటాయి. ఒంటికి పట్టేది చాలా తక్కువే, అయినా చెప్పండి. వేరే మందులు లేవా అంటే ఉన్నాయి. మూత్ర ఇన్ఫెక్షన్‌కి నైట్రోఫ్యూరంటోయిన్ ఉంది, ఫాస్ఫోమైసిన్ ఉంది. టైఫాయిడ్‌కి ఎలాగూ మన దేశంలో సిప్రో పనిచేయడం చాలావరకు మానేసింది, అజిత్రోమైసిన్, సెఫ్ట్రియాక్సోన్ వాడుతున్నారు.

సిప్రో ఎందుకు పనిచేయడం మానేసింది అంటే, ఎడాపెడా వాడేశాం కాబట్టి. మనం మింగిందే కాదు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగునీళ్లు శుద్ధి చేసే చోటు గురించి స్వీడన్ పరిశోధకులు 2007లో ఒక లెక్క ప్రచురించారు. శుద్ధి చేసి బయటికి వదిలే నీళ్లలో సిప్రో ఎంత ఉందంటే, సిప్రో వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ! లోకమంతటికీ మందులు చేసి పంపించే ఊరు మనది. సరే, అది ఇంకో ప్రసంగం, మళ్లీ పిలిస్తే చెప్తాను.

చివరికి వచ్చాను. మీకు జరిగింది నమోదు చేయించండి. డాక్టరే చేయాలని లేదు, రోగి చేయవచ్చు, ఇంట్లోవాళ్లు చేయవచ్చు. 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం, అంటే మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే కార్యక్రమం ఉంది, ఘజియాబాద్ నుంచి నడుస్తుంది. టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024, పని రోజుల్లో ఆఫీసు వేళల్లో. పెద్ద మెడికల్ కాలేజీల్లో ఫార్మకాలజీ విభాగం వాళ్లని అడిగినా తీసుకుంటారు. మందు వల్లే వచ్చిందని మీరు రుజువు చేయక్కర్లేదు, అనుమానం ఉంటే చాలు. దీనివల్ల మీకు నష్టపరిహారం వస్తుందా అంటే రాదు. మరెందుకు? అమెరికాలో, యూరప్‌లో ఆ హెచ్చరికలు ఊరికే వచ్చాయా? నమోదైన కాగితాలు పోగుపడితే వచ్చాయి. మన దగ్గర ఇంత మంది వాడుతుంటే, నమోదయ్యేది ఎంత? మనం చెప్పకపోతే లెక్కలో మనం లేనట్టే.

ఒక ప్రశ్న వచ్చింది చీటీ మీద. ‘మా ఇంట్లో ఉన్న విరేచనాల బిళ్లలు ఏం చేయాలి?’ మంచి ప్రశ్న. మామూలు నీళ్ల విరేచనాలకి ముందు ఓఆర్‌ఎస్. రక్తం పడితే, జ్వరం ఉంటే, ఒంట్లో నీరు తగ్గి నీరసించిపోతే డాక్టర్. దాచిన బిళ్లలు మాత్రం వేసుకోవద్దు, పక్కింటివాళ్లకి దానం కూడా చేయొద్దు. అట్ట వెనకాల నిలువుగా ఎర్రగీత ఉందేమో చూడండి, 2016 నుంచి ప్రభుత్వం దాని గురించే ప్రచారం చేస్తోంది: డాక్టర్ చీటీ లేకుండా వేసుకోవద్దని ఆ గీత అర్థం.

నమోదు ఫారాలు తెలుగులో ఉన్నవి తెచ్చాను, ఆ టేబుల్ మీద ఉన్నాయి. కార్డులకి అట్ట ముక్కలు కూడా తెచ్చాను, రాయడం రానివాళ్లకి నేను రాసిపెడతాను, భోజనాల దాకా ఇక్కడే ఉంటాను. ఇంకోటి, షాపులో అట్ట కోసి ఇస్తుంటే చెప్పండి, పేరున్న సగం మాకివ్వు, లేదా బిల్లు ఇవ్వు అని. రెండూ కుదరదంటాడా? సెల్‌ఫోన్ తీసి ఆ కోయని అట్టని ఫొటో తీసుకోండి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.